తలుపు వెనక కొక్కెం

మేడ మీది గది,
ఆదివారం

అక్కకి,

నీ ఉత్తరం అందింది. రెండు నెలల్లో నన్ను చూడటానికి వస్తానని రాశావు. చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివాను. పదకొండేళ్ళలో నువ్వు ఈ మాట రాయడం ఇది ఆరోసారి. అయిదుసార్లు నేనే ఏదో వంక పెట్టి ఆపాను. ఒకసారి వానలన్నాను, ఒకసారి ఇల్లు మారుతున్నానన్నాను. ఇల్లు మారలేదు. అదే గది. ఈసారి వంక పెట్టను.

ఎందుకు ఆపానో చెప్తాను. అందరి గోడలకీ రంగులు వేసేవాడిని, నా గోడలకి మాత్రం ఇంటివాళ్ళు ఎప్పుడో కొట్టించిన సున్నమే. ఆనుకుంటే వీపుకి అంటుకుంటుంది. బట్టలు మేకులకి వేలాడుతుంటాయి. కిటికీ అద్దాలకి పాత పేపర్లు అంటించాను. తిని పడుకోవడానికి ఇంతకన్నా ఎందుకు అనుకునేవాడిని. నీ ఉత్తరం వచ్చాక చుట్టూ చూశాను. నిన్ను కూర్చోబెట్టడానికి ఉన్న ఒకే ఒక్క కుర్చీకి ఒక కాలు పొట్టి.

చిట్టా తిరగేశాను. ఆరు రోజుల కూలి దీనికోసం తీయగలను. అంతకు మించితే అద్దె దగ్గర ఇబ్బంది. ఒంటివాడి గదిని అక్క వచ్చి కూర్చునేలా ఎలా చెయ్యాలో రాయి. నాకు రంగు తప్ప ఏమీ తెలియదు.

తమ్ముడు

కుట్టుమిషను పక్క నుంచి,
బుధవారం

ఒరేయ్ పిసరూ,

పిసరంత మాట్లాడేవాడివని చిన్నప్పుడు ఆ పేరు పెట్టాను. నలభై రెండేళ్ళకి ఒక పేజీ నిండా రాశావు. మీ బావ చదివి, "వీడికి ఒంట్లో బాగాలేదేమో, డాక్టరుకి చూపించుకోమను" అన్నారు.

ముందు ఏమీ కొనకు. ముందు తియ్యి. ఆ పేపర్లు చింపెయ్. ఎదురింటివాళ్ళు తొంగిచూస్తే మాత్రం ఏముంది, నువ్వు లెక్కలు రాసుకోవడమేగా. కుర్చీ కాలు కింద అట్టముక్క దూర్చి నా కళ్ళు కప్పాలని చూడకు, వడ్రంగి దగ్గరకి మోసుకెళ్ళు. పళ్ళు వచ్చే చెక్కపెట్టెలు రెండు ఎవరినైనా అడుగు, గరుకు కాగితం పట్టి ఒకదాని మీద ఒకటి నిలబెడితే అదే బీరువా. నడినెత్తి మీద ఒక్క దీపం ఉంటే గది పోలీస్ స్టేషన్‌లా ఉంటుంది. మంచం పక్కన చిన్నది ఒకటి చూసుకో. నాలుగు గోడలకీ రంగు వద్దు, ఒక్క గోడకి వెయ్. కానీ ఆ ఒక్కటీ మంచిది వెయ్.

ఇంకొకటి, మర్చిపోకు. తలుపు వెనక ఒక కొక్కెం కొట్టు. ఇంటికొచ్చిన మనిషికి సంచి ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, ఎంతసేపున్నా వెళ్ళబోతున్నట్టే ఉంటుంది. సంచి కొక్కేనికి తగిలించాకే వచ్చినట్టు.

కర్టెన్లు, దుప్పటి నేను కుడతాను, కొట్లో మిగిలే ముక్కలతో. మిగిలిన పీలిక కూడా బట్టతోపాటు మూటకట్టి ఇచ్చేస్తానని నీకు తెలుసుగా. ఇప్పుడు ఒక్కొక్కరినీ అడిగి తీసుకుంటున్నాను, మా తమ్ముడి దుప్పటికి అని చెప్పి. బేకరీ ఆవిడ రెండు ముక్కలిచ్చి "తమ్ముడికి పెళ్ళా?" అంది. "పెళ్ళి కాదమ్మా, గది" అన్నాను.

అక్క

మేడ మీది గది,
ఆదివారం

అక్కకి,

నువ్వు చెప్పినవి చేస్తున్నాను. పేపర్లు చింపాను. కిటికీలోంచి ఇంత వెలుతురు వస్తుందని పదకొండేళ్ళూ తెలియలేదు. వెలుతురు వచ్చాక దుమ్ము కనిపించింది, ఒక పూట దానికే పోయింది. వడ్రంగి కుర్చీ బాగుచేశాడు, డబ్బు తీసుకోలేదు. బదులుగా అతని కొట్టు తలుపుకి రంగు వేశాను. చెక్కపెట్టెలు పళ్ళకొట్టులో ఇచ్చారు. దీపం పాతసామాన్ల దుకాణంలో దొరికింది. కొక్కెం ఇత్తడిది కొన్నాను. ఇనుపది చాలు, కానీ నువ్వు దాని గురించి అంత రాశావు.

ఈ మధ్య రిటైరైన లెక్కల టీచరుగారింట్లో పని చేశాను. ఒంటరి మనిషి. అక్కచెల్లెళ్ళిద్దరూ కలిసి ఉండేవారట, కిందటేడు చెల్లెలు పోయారు. ఆ చెల్లెలి శాలువా తెచ్చి, మడత లోపల వెలవకుండా మిగిలిన చోటు చూపించి, ముందుగది గోడకి ఈ రంగు కావాలన్నారు. దుకాణం వాళ్ళ పుస్తకంలో అది లేదు. బూడిదా కాదు, పచ్చా కాదు. వాన వెలిశాక ఆకు తిరగేస్తే కనిపించే రంగు. మూడు రోజులు కలిపాను. మూడోరోజు గోడ మీద చుక్క ఆరాక ఆవిడ చూసి లోపలికి వెళ్ళిపోయారు. పనామె వచ్చి "ఇదేనట" అని చెప్పింది. పాతికేళ్ళలో నేను కలిపిన మంచి రంగు అదే.

నా గదిలో కూడా ఒక గోడకి అదే వేశాను, మంచానికి ఎదురుగా ఉన్నదానికి. బాగుంది.

ఇప్పటికి కొక్కెం, దీపం, మేకులు, కర్టెను కర్ర కలిపి రెండు రోజుల కూలి అయింది. గోడ రంగుకి ఖర్చు లేదు.

చిన్నప్పుడు నువ్వు నాకు నీలం గీతల చొక్కా కుట్టావు. గోడ ఆరుతుంటే చూస్తూ కూర్చున్నప్పుడు ఎందుకో అది గుర్తొచ్చింది. వారం కూడా వేసుకోలేదు, ఎలుకలు కొట్టేశాయన్నావు.

తమ్ముడు

కుట్టుమిషను పక్క నుంచి,
శుక్రవారం

పిసరూ,

పార్శిల్ పంపించాను. కర్టెన్లు రెండు, దుప్పటి ఒకటి. దుప్పటిలో నలభై ఒక్క ముక్కలున్నాయి. ఏ ముక్క ఎవరిదో కాగితం మీద రాసి లోపల పెట్టాను, నీకు లెక్కలు ఇష్టం కదా అని. మూలనున్న ఎర్రది ఫొటోస్టూడియో ఆయన చొక్కాది. మధ్యలో పసుపుది బేకరీ ఆవిడది. మీ తమ్ముడి గదికి పెళ్ళెప్పుడని రోజూ అడుగుతోంది.

నువ్వు రాసిన ఆ రంగు నాకు వెంటనే చూడాలనిపించింది. బావకి చదివి వినిపిస్తే "రంగులవాడు కాస్తా కవి అయిపోయాడే" అన్నారు. కానీ ఒకటి అడుగుతాను. మంచి రంగు ఖరీదెంతో నాకు తెలుసు, మొన్ననే కొట్టుకి వేయించాను. ఖర్చు లేదంటే ఎలా? టీచరుగారు ఇచ్చారా? ఇచ్చి ఉంటే ఆవిడకి నా తరఫున దిండుగలీబులు కుట్టి పంపుతాను, కొలత రాయి.

ఆ చొక్కా గోల ఇప్పుడెందుకు? ఎప్పటి మాట!

వచ్చే నెల మొదటివారానికి టికెట్లు తీసుకున్నాం.

అక్క

మేడ మీది గది,
మంగళవారం

అక్కకి,

పార్శిల్ అందింది. దుప్పటి పరిచాను. కర్టెన్లు సరిపోయాయి. దిండుగలీబులు వద్దు.

టీచరుగారింట్లో గోడలో పైపు పగిలింది. గోడంతా ఉబ్బిపోయింది. తాపీమేస్త్రీ పూత చాలావరకు ఊడగొట్టాడు. మిగిలింది గీకి మళ్ళీ రంగు వెయ్యమని నన్ను పిలిచారు. ఆ పని మీదే ఉన్నాను. వాళ్ళింట్లో పనామె మానేసింది.

నువ్వు వచ్చే నెల కాకుండా ఇంకొన్నాళ్ళాగి వస్తే నయం. పని ఎక్కువగా ఉంది. ఇక్కడ నీళ్ళకి కూడా ఇబ్బందిగా ఉంది.

తమ్ముడు

కుట్టుమిషను పక్క నుంచి,
శనివారం

పిసరూ,

పైపులు పగిలి గోడలు ఉబ్బే చోట నీళ్ళకి ఇబ్బందా? వంక పెట్టేటప్పుడైనా ఒకసారి చదువుకోవద్దూ?

రంగు ఎక్కడిదని అడిగాను. దిండుగలీబులు వద్దన్నావు. నేనడిగింది దిండ్ల గురించి కాదు.

పనామె మానేసింది అని రాశావు. మానేసిందా, మాన్పించారా? నువ్వు ఊరికే ఎవరి గురించీ రాయవు. నాన్న పోయినప్పుడే నాలుగు వాక్యాలు రాశావు. అలాంటివాడివి ఎవరింట్లోనో పనామె సంగతి నాకెందుకు రాస్తావు?

టికెట్లు వెనక్కివ్వలేదు. రాయి.

అక్క

మేడ మీది గది,
బుధవారం

అక్కకి,

మూడు కాగితాలు చింపాను. ఇది నాలుగోది.

రంగు టీచరుగారు ఇవ్వలేదు. నేనే తెచ్చుకున్నాను.

పని అయ్యాక సగం డబ్బా మిగిలింది. "దాచండి, ఎప్పుడైనా గీత పడితే పనికొస్తుంది" అని నేనే ఆవిడకి చెప్పి, మూత బిగించి మెట్ల కింద పెట్టాను. మర్నాడు నిచ్చెన కోసం వెళ్ళాను. పనామె పెరట్లో ఉంది. టీచరుగారు నిద్రపోతున్నారు. ఒక్క గోడకి మంచి రంగు వెయ్ అని నువ్వు రాసిన ఉత్తరం నా జేబులోనే ఉంది. అడిగితే ఇచ్చేవారే, లేపడం ఎందుకనుకున్నాను. రేపు అడుగుదాంలే అనుకున్నాను. మిగిలిన రంగు పట్టుకుపోయేవాళ్ళు మా పనిలో చాలామంది ఉన్నారు. నేను ఎప్పుడూ తేలేదు. తెచ్చాక అడగలేదు. గోడకి వేశాక ఏమని అడుగుతాను? చిట్టాలో కూడా "రంగు, ఖర్చు లేదు" అని రాసుకున్నాను. నా చిట్టాలో ఉన్న ఒకే ఒక్క అబద్ధం అది.

పైపు పగిలాక ఆవిడ నాతో "మేస్త్రీ, దిగుల్లేదు, మీరు దాచిన డబ్బా ఉందిగా" అన్నారు. శాలువా ఇంక ఇంట్లో లేదు. గోడ మీద చెల్లెలు ఉందిగా అని ఎవరికో ఇచ్చేశారట. నేను నిచ్చెన ఎక్కి, మిగిలిన పూత గీకడం మొదలుపెట్టాను. ఆవిడ మెట్ల కింద వెతికారు. పనామెని పిలిచారు.

"ఇక్కడి డబ్బా ఏమైంది?"

"ఏ డబ్బా అమ్మా?"

"రంగు డబ్బా. మొన్న మీ ఇంటికి తలుపులు పెట్టించామన్నావుగా."

"మా తలుపులకి రంగే వెయ్యలేదమ్మా. వచ్చి చూడండి."

"ఏదీ, ఆ సంచి ఇలా తే."

ఎప్పుడో పోయిన డబ్బా ఆరోజు సంచిలో ఎందుకుంటుంది? ఆవిడకి మాత్రం ఆ సంగతి తెలియదా? అయినా అడిగారు. పనామె సంచి తెచ్చి నేల మీద బోర్లించింది. గిన్నె, దువ్వెన, మందుల చీటీ, సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్టు. ఒక్కొక్కటే తీసి మళ్ళీ లోపల పెట్టుకుంది. పెట్టుకుంటూ ఒకసారి తలెత్తి నావైపు చూసింది. అనుమానంతో కాదు. పరాయివాడు చూస్తున్నాడే అన్న సిగ్గుతో.

నేను గోడ గీకుతూనే ఉన్నాను. చప్పుడు ఆగితే తెలిసిపోతుందని ఆపలేదు.

నాలుగేళ్ళుగా చేస్తున్న మనిషి. ఆరోజే మాన్పించారు.

ఇప్పుడు టీచరుగారు అదే రంగు కలపమంటున్నారు. వారం నుంచి కలుపుతున్నాను, కుదరడం లేదు. పాళ్ళు చేతికి తెలుసులే అని అప్పుడు రాసుకోలేదు. పోల్చి చూసుకోవడానికి ఆ ఇంట్లో ఏమీ మిగల్లేదు. ఆ రంగు ఉన్నది ఇప్పుడు నా గదిలోనే. ఇక్కడ గోడ పక్కన కూర్చుని కలిపి, తీసుకెళ్ళి వేసేస్తే ఎవరికీ తెలియదు. ఆ దారి ఉంది. రెండుసార్లు బ్రష్ చేతిలోకి తీసుకున్నాను కూడా. మంచం అటు తిప్పి, గోడకి వీపు పెట్టి పడుకుంటున్నాను.

నిన్ను రావద్దన్నది నీళ్ళ కోసం కాదు.

తమ్ముడు

కుట్టుమిషను పక్క నుంచి,
సోమవారం

తమ్ముడూ,

పర్వాలేదు అని రాస్తానని ఎదురుచూసి ఉంటే, రాయను.

నీ చొక్కాని ఎలుకలు కొట్టలేదు. నాకు పంతొమ్మిది, నీకు పది. పోస్టుమాస్టరుగారి భార్య బట్టలో మిగిలిన ముక్క ఆవిడకి చెప్పకుండా నీకు కుట్టాను. దారిలో ఆవిడ నిన్ను ఆపి, "ఎవరు కుట్టార్రా ఇంత చక్కగా?" అని అడిగిందట. మా అక్క అన్నావట. ఇంటికొచ్చి ఎంత సంబరంగా చెప్పావో! నీ ఒంటి మీంచి చొక్కా విప్పించి, ఉతికి, ఇస్త్రీ చేసి, మర్నాడు వాళ్ళ గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ తిట్టలేదు. తీసుకుని తలుపు వేసుకుంది. తిట్టినా బాగుండేది. మళ్ళీ నా దగ్గర ఎప్పుడూ కుట్టించుకోలేదు.

పీలికలు మూటకట్టడం ఆ రోజు నుంచే. అది నా మంచితనమని అందరూ అంటారు, నువ్వూ అంటావు. నేను కాదనలేదు. నీకు నిజం చెప్పడానికి నోరు రాలేదు. ముప్ఫై రెండేళ్ళు ఎలుకల మీద పెట్టి బతికాను. అప్పుడే చెప్పి ఉంటే మొన్న నిచ్చెన మీద నీకు నోరు పెగిలేదేమో. ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

ఇప్పుడు చెప్తున్నాను విను. నువ్వు దొంగతనంగా నీ గదిలోనే కలిపి తీసుకెళ్ళావా, నేను రాను. ఈసారి వంక నాది. ముందు పనామె దగ్గరకి వెళ్ళు. టీచరు దగ్గరకి కాదు. ముందు ఆమె దగ్గరకి.

అక్క

మేడ మీది గది,
ఆదివారం

అక్కకి,

ముందు ఆమె దగ్గరకే వెళ్ళాను. ఒక క్లినిక్‌లో మెట్లు తుడుస్తోంది. కింది మెట్టు మీద నిలబడి చెప్పాను. నేను చెప్పడం అయ్యేదాకా ఆమె చెయ్యి ఆగలేదు.

"ఆరోజు మీరు నిచ్చెన మీదే ఉన్నారుగా?" అంది.

"ఉన్నాను."

"డబ్బా అంటే ఇంకోటి కొనిస్తారు. నేను నేల మీద బోర్లించిన సంచో?"

నేను మెట్టు దిగి నేల మీద నిలబడ్డాను.

"నాకు చెప్తే ఏం లాభం? అమ్మగారికి చెప్పండి. నేనుండగా చెప్పండి. నన్ను బయట నిలబెట్టి గుసగుసలు వద్దు."

మర్నాడు ఇద్దరి ముందూ చెప్పాను. టీచరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. పనామెతో, "సంచి అడక్కుండా ఉండాల్సింది" అన్నారు.

"అడిగారుగా" అంది ఆమె.

తర్వాత టీచరుగారు ఆ గోడ చూడాలన్నారు. ఆమెని కూడా రమ్మన్నారు. "వస్తాను, అంత రంగు ఎక్కడ పెట్టుకున్నారో నేనూ చూస్తాను" అందామె.

నీకోసం సర్దిన గదికి మొదట వచ్చింది వాళ్ళిద్దరూ. టీచరుగారు ఒక్కో అంతస్తు దగ్గరా ఆగుతూ ఎక్కారు. వడ్రంగి బాగుచేసిన కుర్చీలో కూర్చోబెట్టాను. గోడనే చూస్తూ కూర్చున్నారు. ఆ తర్వాత లేచి వెళ్ళి దాని మీద అరచెయ్యి ఆనించారు. "చలికి మొహం దాకా కప్పుకునేది" అన్నారు. ఎవరితోనూ కాదు.

పనామె గుమ్మం దగ్గరే నిలబడింది, సంచి భుజాన ఉంది. చుట్టూ చూసి, "కర్టెను తిరగేసి కట్టారు, కుట్లు ఇటు కనిపిస్తున్నాయి" అంది. నీ చేతి కుట్టు ఇన్ని రోజులూ తిరగబడి వేలాడుతోందట. నేను చూసుకోలేదు.

మంచం జరిపి, గోడ పక్కనే కూర్చుని కలిపాను. అట్టముక్క మీద చుక్క వెయ్యడం, ఆరనివ్వడం, గోడకి ఆనించి చూపించడం. టీచరుగారు ప్రతిదానికీ తలూపారు. ఆవిడ కళ్ళకి అప్పుడు ఏదీ ఆనడం లేదు. పనామె మాత్రం ఒప్పుకోలేదు.

"కాదు. పచ్చ ఎక్కువైంది."

"ఇప్పుడు?"

"ఇంకా ఎక్కువే. చిన్నమ్మగారి శాలువా నేను నాలుగేళ్ళు ఉతికానండీ, మీరు మూడు రోజులు చూశారు."

ఏడో అట్ట కిటికీ దగ్గర పట్టుకుని చూడాలంటే ఆమెకి రెండు చేతులూ కావలసి వచ్చాయి. భుజం మీంచి సంచి తీసింది. మంచం వైపు చూసింది, నేల వైపు చూసింది. తలుపు వెనక కొక్కెం కనిపించింది. తగిలించింది.

అట్ట వెలుతురులో ఇటూ అటూ తిప్పి "ఇదే" అంది. ఈసారి పాళ్ళు రాసుకున్నాను. ఒక కాగితం టీచరుగారికి ఇచ్చాను.

నా గోడ గీకేసి సున్నం కొట్టేస్తానని చెప్పాను. "వద్దు మేస్త్రీ, రెండుచోట్ల ఉంటే మళ్ళీ పైపు పగిలినా భయం లేదు" అన్నారు టీచరుగారు. పనామెని తిరిగి పనికి రమ్మని అడిగారు. "క్లినిక్‌లో బానే ఉందమ్మా" అందామె. ఆవిడ రెండోసారి అడగలేదు. నాకు మాత్రం అది నిద్రపట్టనివ్వడం లేదు. నాలుగేళ్ళ తోడు ఆవిడకి లేకుండా చేశాను. పనామెకి పోయింది ఏమిటో ఆమె సంచి బోర్లించిన రోజే చూశాను.

వెళ్ళేటప్పుడు ఆమె కొక్కెం మీది సంచి తీసుకుంది. మూతి విప్పి నా ముందు పట్టింది.

"చూసుకోండి. మీ గదిలోంచి ఏం పోలేదు."

నవ్వుతూనే అంది. టీచరుగారు మెట్ల దగ్గర ఆగిపోయారు. నేను తల దించుకున్నాను. ఆమె సంచి మూసుకుని గబగబా రెండు మెట్లు దిగింది. అంతలో మెట్లు నిటారుగా ఉన్నాయని వెనక్కి వచ్చి టీచరుగారి మోచెయ్యి పట్టుకుంది. అలాగే దిగారు.

నిన్నటితో ఆవిడ గోడ పూర్తయింది. చిట్టాలో ఆ రోజు పేజీ తీసి "ఖర్చు లేదు" కొట్టేశాను. ఆ పక్కన ఏం రాయాలో తెలియలేదు. ఖాళీగా వదిలేశాను.

కర్టెను సరిగా తిప్పి కట్టాను. కుర్చీ ఊగడం లేదు. నీ దుప్పటిలో నలభై ఒక్క ముక్కల పేర్లూ చదివాను, అందరినీ అడిగే తీసుకున్నావు. పని నుంచి రాగానే నా సంచి ఆ కొక్కేనికి తగిలించబోతాను. చెయ్యి రాదు. నేల మీదే పెడుతున్నాను.

టికెట్లు వెనక్కివ్వకు. ముందు నువ్వు వచ్చి నీ సంచి తగిలించు.

పిసరు